జేబులోంచి వెళ్ళిన ఫోను

ఆ ఊళ్ళో సెల్‌ఫోనుకు సిగ్నల్ దొరికే చోటు ఒక్కటే: తుఫాను షెల్టరు మేడమీద, సముద్రం వైపు మూల. మిగతా ఊరంతా కొబ్బరి తోటల కింద మునిగి ఉండేది. బేబి రోజు విడిచి రోజు ఆ మేడ మెట్లెక్కేది. ముప్పై నాలుగేళ్ళ మనిషి ఇరవై రెండు మెట్లెక్కడానికి మూడుచోట్ల ఆగేది. పాదాలు వాచి, చెప్పుల పట్టీల గుర్తులు పడేవి.

ఆమెకు కిడ్నీలు పాడయ్యాయని తెలిసి ఏడాదిన్నర అయింది. ఉద్దానంలో అదేమీ వింత జబ్బు కాదు. వాళ్ళ వీధిలోనే అప్పటికి ముగ్గురు పోయారు. త్వరలో రక్తం శుద్ధి చేసే మిషను మీద పడుకోవలసి వస్తుందని, అంతకన్నా అయినవాళ్ళెవరైనా ఒక కిడ్నీ ఇస్తే మేలని విశాఖపట్నం డాక్టరు చెప్పాడు. భర్త నారాయణది వేరే గ్రూపు. తల్లి దాలమ్మ "నాదియ్యండి" అని ముందుకొచ్చింది. తమ్ముడు రాజేంద్ర ఆవిడను కసిరాడు.

"యాభై ఏడేళ్ళ ముసల్దానివి, నువ్వేటి ఇత్తావు? నువ్వు కూకో. అప్పకి నానిత్తాను."

రాజేంద్రకు టెక్కలిలో మోటార్లు వైండింగు చేసే షాపుంది. ముందు షాపు, వెనక ఇల్లు. భార్య హిమజ, రెండేళ్ళ కొడుకు, తల్లి దాలమ్మ అక్కడే ఉంటారు. బేబి చేతిలోని ఫోను కూడా రాజేంద్ర కొనిచ్చిందే. దాన్ని ఎలా నొక్కాలో, ఎవరైనా మాట వదిలిపెడితే ఎలా వినాలో కూర్చోబెట్టి నేర్పాడు. "మీ ఊళ్ళో సిగ్నలుండదు గదప్పా. నాను సేసినప్పుడు తగల్లేదనుకో, నా మాట అందులో ఉండిపోద్ది. మేడెక్కి ఇనుకో" అన్నాడు.

అది రెండువేల ఐదు, ఆగస్టు నెల. ఒక గురువారం రాజేంద్ర, హిమజ పరీక్షల ఆఖరి ఫలితం కోసం విశాఖపట్నం వెళ్ళారు. ఆ రోజంతా బేబి ఫోను ఇంట్లో అటక మీదే ఉండిపోయింది. శుక్రవారం పొద్దున్నే బేబి మేడెక్కితే తెర మీద చిన్న కవరు బొమ్మ కనిపించింది. కొత్త మాట ఒకటి ఉంది. ఆమె నంబరు నొక్కి ఫోను చెవికి ఆనించుకుంది.

మొదట గుడ్డ రాసుకుంటున్న చప్పుడు. తరవాత బస్సు ఇంజను మోత. తమ్ముడు పలకరిస్తాడని చూసింది. పలకరింపు రాలేదు. హిమజ గొంతు వచ్చింది, ఫోనుతో కాదు, పక్క మనిషితో మాట్లాడుతున్నట్టు.

"...అత్తకి కూడా సెప్పకు. అత్తకి తెలిసిందంటే ఊరంతకీ తెలిసినట్టే."

"మరి అప్పకేటి సెప్పాల?" అది రాజేంద్ర.

"కలవలేదని సెప్పీ. అదొక్క మాటే. డాక్టరు కూడా అలగే సెప్తానన్నాడు గదా."

పెద్ద హారను. రాజేంద్ర ఏదో అన్నాడు. అందులో బేబికి ఒక్క ముక్కా అందలేదు. మళ్ళీ హిమజే, "ఆ మాట మరి తియ్యకు. నాను సూసుకుంటాను" అంది. ఎక్కడో ముందు నుంచి కండక్టరు అరిచాడు: "కోటబొమ్మాళి, కోటబొమ్మాళి! దిగేవోలు ముందుకి రండి!" అక్కడితో తెగిపోయింది.

బేబి మళ్ళీ విన్నది. మూడోసారి విన్నది. తమ్ముడి ఫోను జేబులో నొక్కుకుపోయి, ఆఖరిసారి చేసిన నంబరుకే వెళ్ళిపోయిందని అర్థం కావడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. మాటలే అర్థం కాలేదు. కలవలేదని చెప్పమంటే, కలిసిందన్నమాటేనా? లేక ఇంకేదైనా ఉందా? ఫోనులోని ఆడగొంతు, ఈ మాట ఏడు రోజులు ఉంటుందని, ఉంచాలంటే రెండు, తీసేయాలంటే ఏడు నొక్కమని చెప్పింది. ఆమె రెండు నొక్కి, నొక్కింది రెండేనో కాదో అని అంకె వంక చాలాసేపు చూసింది.

మధ్యాహ్నానికి రాజేంద్ర వచ్చాడు. నారాయణ తోటకు వెళ్ళాడు. రాజేంద్ర అరుగు మీద కూర్చుని మంచినీళ్ళడిగి, తాగకుండా గ్లాసు పక్కన పెట్టాడు.

"కలవనేదప్పా" అన్నాడు.

కళ్ళంట నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ నీళ్ళు నిజమైనవే. బేబి వాటిని నమ్మలేదు. తమ్ముడి పాదాలకేసి చూసింది, వాపు ఉందేమోనని. వీడికీ ఈ జబ్బే బయటపడిందా, నా దగ్గర దాస్తున్నాడా అని ఒక ఆలోచన. పాదాలు మామూలుగానే ఉన్నాయి. మొహంలో ఉబ్బు లేదు.

"డాక్టరేటన్నాడు?"

"కలవదన్నాడు. అంతే."

"రక్తం కలిసిందని మొన్న సెప్పినారు గదా."

"రక్తం కలిస్తే సాలదంట. ఇంకా ఏటేటో ఉంటాయంట." అంటూ లేచి, "నీ ఫోనేదప్పా? బేలెన్సుందో లేదో సూత్తాను, ఇలగియ్యి" అన్నాడు.

ఫోను బియ్యం డబ్బాలో ఉంది. అతను వీధి మలుపు తిరగడం చూసి ఆమే అందులో పెట్టింది.

"సార్జింగు లేదురా. అప్పయ్యమ్మోలింట్లో ఎట్టినాను."

"నిన్న నా ఫోన్నుంచి నీకేటైనా వచ్చిందేటి?"

"ఏటొస్తాది?"

"ఏట్లేదు. జేబులో నొక్కుకుపోయినట్టుంది. లిస్టులో రెండు నిమిషాలని సూపిస్తంది."

ఆమె అతను తాగని గ్లాసు తీసి లోపల పెట్టింది. వెళ్ళేటప్పుడు రాజేంద్ర రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఆ రోజు నుంచి బేబికి భయం పట్టుకుంది. జబ్బు భయం పాతదే. ఇది వేరు. తమ్ముడు కంపెనీవాళ్ళను అడిగి ఆ మాట చెరిపించేస్తాడేమో. ఫోను అతని పేరు మీదే ఉంది కదా. రోజూ మేడెక్కి, మాట ఉందో లేదో చూసుకుని, రెండు నొక్కి దిగేది. నాలుగో రోజు, రక్తపరీక్షకని నారాయణతో చెప్పి, ఒక్కతే బస్సెక్కి కాశీబుగ్గ వెళ్ళింది. నారాయణకు చెప్పాలనే ఉంది. కానీ అతనికి కోపం వస్తే ముందూవెనకా చూడడు.

కాశీబుగ్గ బస్టాండు దగ్గర బంగారయ్య కేసెట్ల దుకాణం ఉంది. ఒకప్పుడు పాటల జాబితా రాసిస్తే కేసెట్లో ఎక్కించి ఇచ్చేవాడు. ఇప్పుడు కంప్యూటరు పెట్టి, సెల్ రీఛార్జీలు కూడా చేస్తున్నాడు. యాభై దాటిన మనిషి, చెవి మీద పెన్సిలు.

"ఫోన్ల మాట ఎప్పటికీ ఉండిపోవాలంటే ఏటి సెయ్యాల బాబూ?" అని అడిగింది.

"ఫోన్లో ఎప్పటికీ ఉండదమ్మా. అది మీ ఫోన్లో లేదు, కంపెనీ కాడుంది. ఆలు తీసీమంటే తీసీడమే." అతను ఫోను తిప్పి చూశాడు. "ఈ చెవిలో పెట్టుకునే వైరు కోసి మన డెక్కుకి కలిపీనాననుకో, కేసెట్లోకి దిగిపోద్ది. కంప్యూటర్లో కూడా ఎక్కిద్దుమా? అలగైతే మరి పోదు."

"కేసెట్టు సాలు."

"సరే. నంబరు నొక్కండి."

అతను హెడ్‌ఫోను పెట్టుకుంటుంటే బేబి చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వినకూడదు."

"ఇనకుండా రికార్డింగు అవదమ్మా. మోత ఎంతుందో సూడాల గదా." అతను నవ్వలేదు. "నా సెవిలో పడ్డ మాటలన్నీ బయటికి సెప్పీవోడినైతే ఈ కొట్టు ఎప్పుడో మూసీసేవోలు."

ఆ మాట ఆమెకు ధైర్యం ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. అతను వింటున్నంతసేపూ అతని మొహమే చూసింది. పెన్సిలు తీసి మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. హారను దగ్గర వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు.

"ఇక్కడ మొగమనిషి ఏదో అంటన్నాడు. 'పి' అని మొదలెడతన్నాడు. బేసు తగ్గించి సూత్తానుండండి." మీటలు తిప్పాడు. "పిల్లోడు... పిల్లోడ్ని... అలగే ఏదో."

పిల్లోడు. బేబి ఆ మాటను పట్టుకుంది. హిమజ పిల్లాణ్ణి చూపించి తమ్ముణ్ణి ఆపిందన్నమాట. కొడుకు ఉన్నాడు, నీకేదైనా అయితే వాడి గతేమిటి అని అడిగి ఉంటుంది. రాజేంద్ర మెత్తని మనిషి. మరదలిది జలంత్రకోట, ఇంటర్ చదివింది, మాటకు మాట అప్పగించగలదు. ఇప్పుడన్నీ సరిపోయాయి.

"ఎవులమ్మా యీలు?" అన్నాడు బంగారయ్య కేసెట్టు చేతికిస్తూ.

"మా ఊరోలు" అంది బేబి.

ఆ కేసెట్టు ఆమె చీరల కింద దాచుకుంది. నారాయణ తోటకు వెళ్ళగానే టేప్‌రికార్డరు సౌండు తగ్గించి వినేది. కొన్నాళ్ళకు ఆ రెండు నిమిషాలూ కంఠస్థం అయిపోయాయి. ఏ మాట తరవాత ఏ గేరు మారుతుందో కూడా తెలుసు. విన్నకొద్దీ హిమజ గొంతులో కొత్త కొత్త దుర్మార్గం కనిపించేది. 'నాను సూసుకుంటాను' అన్న ఒక్క ముక్కను ఎన్నిసార్లు తిప్పి తిప్పి విన్నదో.

పది రోజులకు మళ్ళీ డాక్టరు దగ్గరికి భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. డాక్టరు కాగితాలు చూశాడు.

"మీ తమ్ముడు దాతగా కుదరదమ్మా. ఇంకొకరిని చూసుకోండి."

"కలవలేదా, కలిసిందా, అది సెప్పండి బాబూ."

"కుదరదు. నేను చెప్పగలిగింది అంతే."

"ఆడికీ జబ్బుందా?"

"ఎవరి కాగితాలు వాళ్ళవమ్మా. మీ కాగితాలు తమ్ముడు అడిగినా చూపించను." ఆయన గొంతు మర్యాదగానే ఉంది. పెన్ను మూత పెట్టేశాడు. "మీ అమ్మగారు ఇస్తానన్నారు కదా. వయసుదేముంది, పరీక్ష చేస్తే తెలుస్తుంది. తీసుకురండి."

ఆ చివరి మాట బేబి సరిగా వినను కూడా లేదు. డాక్టరు కూడా అలాగే చెప్తానన్నాడు కదా అన్న హిమజ గొంతు చెవిలో తిరుగుతోంది. రైల్లో పలాస వస్తుంటే నారాయణకు అంతా చెప్పేసింది. ఇంటికెళ్ళగానే అతను కేసెట్టు విన్నాడు. ఒక్కసారే విన్నాడు.

"నీ మరదలు నిన్ను సంపీడానికే సూత్తందే" అన్నాడు.

మర్నాడు ఉదయం ఇద్దరూ టేప్‌రికార్డరు సంచిలో పెట్టుకుని టెక్కలి వెళ్ళారు.

రాజేంద్ర షాపులో కింద కూర్చుని పాత మోటారులోంచి కాలిపోయిన రాగితీగ లాగుతున్నాడు. దాలమ్మ మనవడికి అన్నం తినిపిస్తోంది. అక్కాబావలను చూడగానే హిమజ కుర్చీలు వేసింది. నారాయణ కూర్చోలేదు. టేప్‌రికార్డరు బల్ల మీద పెట్టి ప్లగ్గు గుచ్చాడు.

"ఏటిది బావా?" అన్నాడు రాజేంద్ర.

"ఇను."

గుడ్డ రాసుకున్న చప్పుడు మొదలవగానే రాజేంద్ర మొహం మారిపోయింది. బేబి హిమజనే చూస్తోంది. హిమజ తన గొంతు తాను వింటూ గుమ్మం పట్టుకుంది. కండక్టరు కోటబొమ్మాళి అని అరిచి ఆగిపోయాడు. దాలమ్మకు సగమే అర్థమైంది. ఆ సగం చాలు.

"నా కూతురి పానం నీకంత బరువైపోయిందేటే!" అంటూ లేచి కోడలి భుజం పట్టి ఊపింది. "నాను పెంచిన గుంటడ్ని నాకే సెప్పొద్దన్నావా?"

"సెప్పు హిమజా" అంది బేబి. "ఈ మాట నువ్వన్లేదా?"

"అన్నాను వదినా. నానే అన్నాను."

"ఎందుకన్నావు?"

హిమజ భర్త వైపు ఒక్కసారి చూసింది. రాజేంద్ర రాగితీగ వేలికి చుట్టుకుని, దాన్నే చూస్తున్నాడు. వేలి కొస ఎర్రబడింది. అయినా తల ఎత్తలేదు. హిమజ చూపు తిప్పుకుంది.

"తోచింది, అన్నాను" అంది. కొడుకును ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.

తిరుగు బస్సులో బేబికి గెలిచినట్టు అనిపించాలి. అనిపించలేదు. "తమ్ముడొక్క మాటా అన్లేదు, సూసినావా మావా?" అంది. "పెళ్ళాన్ని ఎనకేసుకొచ్చినా బాగుండేది, తిట్టినా బాగుండేది."

"ఏ మొకం పెట్టుకుని అంటాడు?" అన్నాడు నారాయణ. అతని ఆలోచన వేరే ఉంది.

హిమజ మర్నాడే కొడుకును తీసుకుని జలంత్రకోట పుట్టింటికి వెళ్ళిపోయిందని కబురొచ్చింది. బేబికి కాళ్ళ వాపు ఎక్కువైంది. అన్నం వాసన చూస్తేనే వాంతి వచ్చేది. విశాఖపట్నంలో మిషను మీద మొదటిసారి పడుకోబెట్టారు.

మిషను మీద నుంచి వచ్చిన నాలుగో రోజు రాజేంద్ర ఒక్కడే వచ్చాడు. గడ్డం పెరిగింది. బేబి అరుగు మీద కూర్చుని కొబ్బరాకు చీరి చీపురుపుల్లలు తీస్తోంది. అతను పైకెక్కలేదు. కింద నేల మీద కూర్చున్నాడు.

"కలిసిందప్పా" అన్నాడు. "అన్నీ కలిసినాయి."

ఆమె పుల్ల గీస్తున్న చాకు ఆపింది.

"డాక్టరు నన్నొక్కడ్నే గదిలోకి పిలిసినాడు. నీ ఇష్టంతోటే ఇస్తన్నావా, ఎవులైనా బలవంతం పెట్టినారా అనడిగినాడు. నా ఇష్టమేనని సెప్దామనే ఎల్లినానప్పా. నోరు పెగల్నేదు. సంతకం పెట్టమంటే పెన్ను పట్టుకోనేకపోయినాను. కడుపు కోస్తారు గదా, ఆ బల్ల, ఆ లైట్లు... నాను మొన్న ఆ గది పక్కనుంచి ఎల్తూ సూసినాను. నా వల్ల కాదు బాబూ అన్నాను. నాకు తెలవకుండానే అనీసినాను."

"మరి హిమజ?"

"అది అప్పటికే సంతకం పెట్టీసింది. భార్య కూడా పెట్టాలంట. మా ఆయన ఇస్తన్నాడు, నాకిష్టమేనని రాసి పెట్టీసింది. నాను బయటికొచ్చి సెప్తే ఒక్క మాటన్లేదు. బస్సెక్కినాక, నాకేడుపొచ్చేస్తంటే... ఆ హారను కాడ నానేటన్నానో తెలుసా? నాను పిరికోడ్నే హిమజా, అన్నాను. అప్పుడది ఆ మాట మరి తియ్యకంది. నాను సూసుకుంటానంది. ఎవులైనా అడిగితే తనే వొద్దందని సెప్పుకుంటానని."

పిరికోడు. బేబి ఆ రెండు నిమిషాలనూ ఎన్నిసార్లు విన్నదో. పిల్లోడు అని బంగారయ్య చెప్పాక మళ్ళీ మళ్ళీ అదే వినపడింది.

"మరి ఆ రోజు నీ నోటికేటైంది?" ఆమె గొంతు అరుగు దాటి వీధిలోకి వెళ్ళింది. "అమ్మ దాన్ని పట్టి ఊపేస్తంటే నీ నోరేటైంది?"

రాజేంద్ర నేలకేసి చూస్తూ అన్నాడు. "కేసెట్లో దాని గొంతుకే గట్టిగా ఇనపడ్డాది. నాది ఇనపళ్ళేదు. అందరూ దాన్నే అంటన్నారు. ఇలగే తప్పించుకోవచ్చు గదా అనిపించింది."

బేబి చేతిలోని ఆకు అతని మీదికి విసిరింది. అది తగిలేంత దూరం కూడా పోలేదు. ఆమెకు చనిపోతానన్న దుఃఖం కాదు ఆ క్షణాన వచ్చింది. చిన్నప్పుడు జీడిచెట్టెక్కి దిగలేక ఏడిస్తే తానే ఎక్కి దించిన తమ్ముడు వీడు. వీడికి భయమని తనకు తెలియదా? తెలుసు. తెలిసి కూడా, వీడే ఇస్తాడని సంతోషపడి, ఒక్కసారైనా భయమేస్తోందా అని అడగలేదు. ఆ మాట పైకి అనలేదు. అంటే వీడికి తప్పించుకోవడానికి మళ్ళీ ఒక దారి దొరుకుతుంది.

"లెగు" అంది. "జలంత్రకోట ఎల్దాం."

"అక్కడ బావ..." అని ఆగాడు రాజేంద్ర.

"బావేటి?"

"బావ ఆ కేసెట్టు అక్కడ టీకొట్టులో ఏయించినాడంట అప్పా. మా మావోల ఊరంతా ఇన్నాది. హిమజ ఇంట్లోంచి బయటికి రావట్లేదు."

నారాయణ తోట నుంచి రాగానే బేబి అడిగింది. అతను దాచలేదు. బంగారయ్య దగ్గర మరో మూడు చేయించాడు. ఒకటి జలంత్రకోట టీకొట్టుకు, ఒకటి నందిగాంలో ఉన్న అన్నకు, ఒకటి తన దగ్గర.

"నన్నడక్కుండా ఎందుకు సేసినావు?"

"నువ్వు మిషను మీద పడుకున్నావు. నాకు తిక్క రేగిపోయింది. ఎవులో ఒకలు సిగ్గుపడాల గదా."

"ఇప్పుడు నువ్వు పడు" అంది బేబి. రాజేంద్ర చెప్పిందంతా చెప్పింది. నారాయణ బావమరిది వైపు అడుగేశాడు కొట్టడానికి. అంతలో చెయ్యి దించి, కొబ్బరి డొక్కల గుట్ట మీద కూలబడ్డాడు.

మర్నాడు నారాయణ నందిగాం వెళ్ళి అన్న దగ్గరున్న కేసెట్టు తెచ్చాడు. ఇంట్లోవి రెండూ, అదీ పొయ్యిలో పెట్టారు. బేబి కాశీబుగ్గ వెళ్ళి బంగారయ్యను నిలదీసింది.

"కంప్యూటర్లో వొద్దన్నాను గదా. మూడు కేసెట్లు ఎక్కడ్నించొచ్చినాయి?"

"కేసెట్టు తేడా వస్తే పనికొస్తాదని కంప్యూటర్లో కూడా ఎక్కించినాను, తియ్యటం మర్సిపోయినానమ్మా. మీ ఆయనే గదా అడిగితే ఇచ్చినాను" అన్నాడతను. తెర మీద ఏదో నొక్కి చూపించాడు. "ఇదిగో, తీసీసినాను. మరి లేదు."

ఆమె తెర వంక చూసింది. అక్కడ వరసలు వరసలుగా ఇంగ్లీషు అక్షరాలు. ఏది పోయిందో, ఏది ఉందో ఆమెకు తెలిసే దారి లేదు. "నిజంగానే?" అంది. "నిజంగానే" అన్నాడు. అంతకన్నా ఏం చేయగలదు.

తరవాత అక్కాతమ్ముళ్ళిద్దరూ జలంత్రకోట వెళ్ళారు. టీకొట్టువాడి దగ్గర కేసెట్టు దొరకలేదు. ఎవరో తీసుకెళ్ళారన్నాడు. ఎవరో గుర్తు లేదన్నాడు. అతను నిజం చెప్తున్నాడో లేదో రాజేంద్రకు అంతుపట్టలేదు. "అక్కడ నిలబడి అడగడమే బతికుండగా సావులాగుందప్పా" అన్నాడు వీధిలోకి వచ్చి.

"పద. అసలుది ముందుంది" అంది బేబి.

హిమజ తల్లి సరస్వతి వాళ్ళను లోపలికి పిలవలేదు, పొమ్మనలేదు. వరండాలో నులకమంచం వాల్చింది. పక్కింటి ఆడవాళ్ళిద్దరు గోడ మీదుగా చూస్తున్నారు. సరస్వతి ఆ ఆడవాళ్ళనూ పొమ్మనలేదు.

"సెప్పరా" అంది బేబి.

రాజేంద్ర నిలబడే చెప్పాడు. అక్కకు చెప్పినట్టు వివరంగా చెప్పలేకపోయాడు. కానీ ముఖ్యమైన మాటలు మింగలేదు. కిడ్నీ కలిసిందని, వద్దన్నది తానేనని, హిమజ సంతకం పెట్టిందని, నేరం తన మీద వేసుకుందని, వేసుకుంటుంటే తాను చూస్తూ ఊరుకున్నానని చెప్పాడు. గోడ అవతలి ఆడవాళ్ళు కదలకుండా విన్నారు.

సరస్వతి కొంగుతో మొహం తుడుచుకుంది.

"భయపడ్డావంటే నానేటీ అనను బాబూ. కడుపు కోత్తామంటే ఎవులికి భయముండదు? మా గుంట తల దించుకుని తిట్లు తింటంటే నువ్వక్కడే కూకున్నావు సూడు. అది నాకు మింగుడు పడదు."

"నాకూ పడట్లేదత్తా" అన్నాడు రాజేంద్ర.

బేబి మంచం మీంచి లేచింది. తలుపు లోపల హిమజ నీడ ఆమెకు కనిపిస్తూనే ఉంది. "హిమజా, నానన్నవన్నీ నా మీదే పడనీ. తప్పు నాది" అని తలుపుతో చెప్పింది. లోపలి నుంచి పిల్లవాడి మాట వినిపించింది కానీ హిమజ మాట వినిపించలేదు. కాసేపటికి తలుపు సగం తెరిచి ఆమె బయటికొచ్చింది. చిక్కిపోయింది.

"ఎల్లండి వదినా. ఎండ పెరిగితే మీకు బస్సులో కష్టం. నానొత్తానో రానో తరవాత సెప్తాను."

రాజేంద్ర ఏదో అనబోయాడు. ఆమె అతనివైపు చూడలేదు.

దాలమ్మకు ఈ కథంతా తెలిశాక మూడు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. నాలుగో రోజు పెట్టె సర్దుకుని, "నన్ను విశాపట్నం తీసుకెల్లండి. ముసల్దానివి కూకో అన్నారు. కూకుంటే ఏటైందో సూసినారు గదా" అంది. పరీక్షలు రెండు నెలలు పట్టాయి. ఆవిడ రక్తపోటు కాస్త ఎక్కువే. మందులతో అది దిగింది. అన్నీ కలిశాయి. డాక్టరు ఆవిణ్ణీ ఒక్కతెనే గదిలోకి పిలిచి అడిగాడు. ఆవిడ బయటకు వచ్చి, "అదేటి ప్రశ్న, ఆ బాబుకి పిల్లల్లేరా?" అంది.

డిసెంబరులో ఆపరేషను అయింది. ఆ నెలంతా షాపు మూసి రాజేంద్ర ఆసుపత్రి వరండాలోనే పడుకున్నాడు. మందులు తేవడం, రక్తమిచ్చే మనుషుల్ని పట్టుకురావడం అతని పని. నారాయణ అతనితో అవసరమైనంతే మాట్లాడేవాడు.

ఆపరేషనైన మూడో రోజున హిమజ వచ్చింది. ఎవరూ కబురు పెట్టలేదు. బేబి గది వైపు రాకుండా తిన్నగా అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళింది. అప్పటి నుంచి దాలమ్మకు ఒళ్ళు తుడవడం, తల దువ్వడం, పట్టుకుని నాలుగడుగులు నడిపించడం అన్నీ ఆమే. అత్తాకోడళ్ళు పాత సంగతి ఎత్తుకున్నారో లేదో ఎవరికీ తెలియదు. ఒకసారి మాత్రం దాలమ్మ ఏడుస్తుంటే హిమజ "కుట్లు లాగుతాయి, ఊరుకోండి" అని గదమడం నర్సు విన్నది.

పన్నెండో రోజున బేబిని లేచి తిరగమన్నారు. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని, గోడ పట్టుకుని తల్లి గది దాకా వచ్చింది. పాదాలు సన్నబడ్డాయి. గుమ్మంలో హిమజ గంజి గిన్నె పట్టుకుని ఎదురైంది.

"నా మీద కోపం పోలేదా హిమజా?" అంది బేబి.

"పోలేదు వదినా." హిమజ ఆమె మొహంలోకి సూటిగా చూసి చెప్పింది. "అత్తకి గంజి సల్లారిపోతంది, కొంచెం తప్పుకోండి."

బేబి గోడకు ఆనుకుని దారిచ్చింది.